ల్యాంపు రూము కాక బిళ్ళల డబ్బా

మా పక్కింటి కాక రెండు వారాల కింద, మంగళవారం పొద్దున చనిపోయాడు. రోజూ ఆరింటికి గోడ అవతల నుంచి దగ్గి, "లేసినవా, ఇంక పండుకునే ఉన్నవా?" అని అడిగే మనిషి ఆ రోజు అడగలేదు. నాకు మెలకువ వచ్చి చాలాసేపైంది, ఆ మాట కోసమే చూస్తూ పడుకున్నాను. కాసేపటికి కాక భార్య, మా చిన్నమ్మ, నన్ను పేరు పెట్టి పిలిచింది. ఆమె నన్ను ఎన్నడూ పేరు పెట్టి పిలవదు. పరుగున పోయేసరికి కాక గోడకు ఆనుకొని కూర్చున్నట్టే ఉన్నాడు. సాసర్లో పోసుకున్న చాయ్ సగం మిగిలి ఉంది. సాసర్ ఎడమ చేతి పక్కన ఉంది. కుడి చెయ్యి ఎప్పటిలాగే వంకరగా ఒళ్ళో పడి ఉంది.

ఆ కుడి చేతి గురించే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. దాన్ని ఎవరు విరగ్గొట్టారో గోదావరిఖనిలో మా బస్తీకంతా తెలుసు. అది విరగడానికి కారణం ఎవరో మాత్రం ఇద్దరికే తెలుసు. ఒకరు పోయారు. రెండో మనిషిని నేను.

ఇంటి ముందు ఇంకా టెంటు వెయ్యలేదు, అప్పుడే ఫ్లెక్సీ వచ్చేసింది. ఎవరు చేయించారో పాపం, ప్రేమతోనే చేయించారు. కాక ఫొటో పక్కన పిడికిలి బొమ్మ, కింద "కార్మిక నాయకుడు" అని పెద్ద అక్షరాలు. నాకు మండింది. చావింట్లో గొడవ పెట్టుకునే రకాన్ని కాదు నేను, కానీ ఆ రోజు పెట్టుకున్నాను. ఆ మాట తీసెయ్యమన్నాను. వాళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. చివరికి చిన్నమ్మ లేచి వచ్చి, "ఆయినె బతికున్నప్పుడు ఆ మాటంటే కొట్టస్తుండె, సచ్చినంక అంటరా?" అంది. ఫ్లెక్సీ మడిచి గోడ పక్కన పెట్టారు.

కాక నాయకుడు కాడు. ఆయన బొగ్గు బాయి ల్యాంపు రూములో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. బాయిలో దిగే ప్రతి కార్మికుడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. దిగే ముందు ఆ బిళ్ళను ల్యాంపు రూము కిటికీలో ఇచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక కూడా బోర్డు మీద బిళ్ళ వేలాడుతోందంటే, ఆ మనిషి ఇంకా భూమి కిందే ఉన్నట్టు లెక్క. అందుకే ఎవడి బిళ్ళ వాడే పెట్టాలి, వాడే తియ్యాలి. ఈ ఒక్క విషయంలో కాక దేవుడొచ్చినా వినేవాడు కాదట. "బిళ్ళ అబద్ధం ఆడది, చేతులు ఆడుతయి," అనేవాడు. పేర్లు ఆయనకు గుర్తుండేవి కావు. ముసలాళ్ళు బజారులో కనబడితే నంబరుతోనే పిలిచేవాడు, వాళ్ళూ పలికేవారు.

ఆ బాయి మూతపడ్డప్పుడు బిళ్ళలను పాత ఇనుములో వేశారు. కాక అడిగి ఒక బిస్కెట్ల డబ్బా నిండా తెచ్చుకున్నాడు. ఎందుకని చిన్నమ్మ తిడితే, "నా దోస్తులు," అన్నాడట. రిటైరయ్యాక వచ్చే పింఛను మందులకు కూడా చాలక, బొగ్గు మోసే బెల్టుల దగ్గర కంట్రాక్టు కింద వాచ్‌మన్‌గా చేరాడు. నేనూ అక్కడే బెల్టు కింద రాలిన బొగ్గు ఎత్తే పనిలో ఉన్నాను. అట్లా పక్కింటి కాక కాస్తా పనిలో కూడా పక్కమనిషి అయ్యాడు.

మాతో పనిచేసే ఒకాయన్ని ఒకరోజు బెల్టు లాక్కుంది. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, ఇద్దరు పిల్లలు. రోలరుకు అడ్డంగా ఉండాల్సిన ఇనుప జాలీ లేదు. బెల్టు ఆపడానికి పక్కన లాగే తీగ తెగిపోయి నెలలైంది. మేం అరుచుకుంటూ స్విచ్చు దగ్గరికి పరుగెత్తి ఆపేలోపు చెయ్యి భుజం దాకా పోయింది, తర్వాత మెడ. ఆయన్ని బయటికి తీసినవాళ్ళలో నేనొకణ్ణి. మిగతాది రాయను. కంట్రాక్టరు మేనేజరు వచ్చి చూసి, తాగి ఉన్నాడని రాసుకున్నాడు. ఆ మనిషి జన్మలో తాగలేదు. ఆ సాయంత్రం ఎవ్వరూ చెప్పకుండానే అందరం పని ఆపేశాం. బెల్టులకు జాలీలు పెట్టాలి, ఆపే తీగలు కట్టాలి, చనిపోయినాయన భార్యకు పని ఇవ్వాలి. అడిగింది అంతే.

పని ఆపడం తేలికే, మరి మాట్లాడేది ఎవరు? అందరూ కాక వైపు చూశారు. కాక తలూపలేదు. తను వయసులో ఉన్నప్పటి సంగతి ఒకటి చెప్పాడు. అప్పుడు ఒక సమ్మెకు ఒకే నాయకుడు. బంగారం లాంటి మనిషి, మాట్లాడితే బాయి పైకి లేచి వచ్చేదట. ఆయన్ని పట్టపగలు ఇంట్లోంచి ఈడ్చుకొచ్చి, బజారు నడుమ గొడ్డళ్ళతో నరికారు. కాక కళ్ళారా చూశాడు. చెప్పులు అక్కడే వదిలి పారిపోయానని కూడా చెప్పాడు. శవాన్ని ఇంకా ఎత్తనే లేదు, సమ్మె విరిగి రెండో షిఫ్టు నడిచింది.

"ఒక్కటే తలకాయ ఉంటె ఒక్క గొడ్డలి సాలు," అన్నాడు కాక. "నా తలకాయ మీకియ్య. మీది నేను తీసుకోను."

మర్నాడు బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. మేం పనిచేసే చోట్లు ఐదు. బెల్టులు, బొగ్గు నిలవుండే బంకరు, రైలు వ్యాగన్లకెత్తే సైడింగు, క్యాంటీను, ఊడ్చేవాళ్ళు. ఒక్కో చోటికి ఒక్కో డబ్బా పెట్టించాడు. ఒక్కొక్కరికి ఒక్కో బిళ్ళ, నంబరు గుర్తుపెట్టుకొని డబ్బాలో వెయ్యాలి. రోజూ సాయంత్రం అందరూ చూస్తుండగా డబ్బాలోంచి ఒక బిళ్ళ తియ్యాలి. ఎవరిది వస్తే వాళ్ళు "రేపటి మనిషి". మర్నాడు గేటు దగ్గర ఆ చోటి తరఫున మాట్లాడేది వాళ్ళే. ఐదు చోట్ల మనుషులు కలిసి ఏది అనుకున్నా, తిరిగి వచ్చి అందరినీ అడగందే ఒప్పుకోవద్దు. ఒకసారి వంతు అయినవాళ్ళ బిళ్ళ పక్కన పెట్టాలి. డబ్బాలో చెయ్యి పెట్టేది ఎవరంటే, ఆ సాయంత్రం అందరికంటే ఆలస్యంగా వచ్చినవాళ్ళు. అది శిక్ష, నవ్వులాట కూడా.

నాకిచ్చిన బిళ్ళకు అంచున చిన్న ముక్క ఊడిపోయి ఉంది. నా ముందుపన్ను కూడా సగం విరిగిందే. కాక దాన్ని నా చేతిలో పెట్టి, "నీకూ పన్ను ఇరిగింది, దీనికీ ఇరిగింది, ఇద్దరు ఒక్కతల్లి పిల్లలు," అన్నాడు. అందరూ నవ్వారు. డబ్బాలో వెయ్యబోయే ముందు ఆ గాటులో బొటనవేలు పెట్టి రాస్తూ కూర్చున్నాను.

ఈ పద్ధతి గొప్పగా నడిచిందని రాస్తే కాక పైనుంచి తిడతాడు. నడవలేదు. ప్రతి మాటకూ ఐదు చోట్ల పంచాయితీ. అరుపులు, అలకలు. మూడో రోజు సైడింగు నుంచి ఒక కోపిష్టి వంతు వచ్చింది. అతను ఎవ్వరినీ అడగకుండా, సమ్మెలో బొగ్గు మోస్తున్న లారీల మీద రాళ్ళు వేయించాడు. ఒక డ్రైవరుకు తల పగిలింది, ఒక కన్ను పోయింది. ఆ డ్రైవరూ మాలాగే కూలికి వచ్చినవాడు. వంతును మధ్యలో ఎందుకు ఆపలేదని కాకతో నేను పోట్లాడాను. ఆయన దవాఖానకు పోయి ఆ డ్రైవరు మంచం పక్కన నిలబడితే, అతని భార్య కాక చెంప పగలగొట్టింది. దించిన తల ఎత్తకుండా మళ్ళీ మర్నాడు పోయాడు. ఆ తర్వాత ఏటా ఒకసారి ఆ ఇంటికి పోయి వస్తుండేవాడు. తలుపు తీసేవారో లేదో నాకు తెలియదు.

ఆరో రోజు మధ్యాహ్నం కంట్రాక్టరు మనుషులను దింపాడు. బయటి ఊళ్ళ నుంచి రెండు జీపుల్లో వచ్చారు. ఇనుప రాడ్లు గోనెసంచుల్లో చుట్టి ఉన్నాయి. రేపు గేటు దగ్గర ఎవడు నిలబడితే వాణ్ణి మళ్ళీ నిలబడకుండా చేస్తామని చాయ్ బండి దగ్గర నవ్వుకుంటూ చెప్పారు. నేను విన్నాను. అప్పుడు నా భార్యకు ఎనిమిదో నెల. ఇంటికి పోయి ఆమె ముఖం చూసి, చెప్పలేక, తిరిగి వచ్చేసరికి ఆలస్యమైంది. మా బెల్టుల దగ్గర అందరూ కూర్చొని ఉన్నారు. చివరికి వచ్చింది నేనే. డబ్బా నా ముందు పెట్టారు.

తల పైకెత్తి చెయ్యి పెట్టాను. మొదట తగిలిన బిళ్ళను పట్టుకున్నాను. బొటనవేలు గాటులో పడింది.

నాదే. వదిలేశాను. కిందికి చెయ్యి పోనిచ్చి నున్నగా ఉన్నది ఇంకొకటి తీశాను. డబ్బాలో అంతసేపు ఏం వెతుకుతున్నావని ఎవరో ఎగతాళి చేశారు. నంబరు చదివారు. అది కాకది.

కాక నా ముఖం చూడలేదు, నా చెయ్యి చూశాడు. ముప్పై ఏళ్ళు కిటికీలోంచి చేతులు తప్ప ఏం చూడని మనిషి. ఒక్క క్షణం చూసి, బిళ్ళ తీసుకొని జేబులో వేసుకున్నాడు. "మంచిగైంది, నాకు పొద్దున ఎట్లాగూ నిద్ర పట్టది," అన్నాడు.

మర్నాడు మొదటి షిఫ్టు సైరన్ మోగింది. వాళ్ళు జీపుల్లోంచి దిగి గేటుకు అడ్డంగా నిలబడ్డారు. మీ లీడరు ఎవడని అడిగారు. కాక ముందుకు పోయి బిళ్ళ ఎత్తి చూపించాడు.

"ఇయ్యాల్టి మనిషిని నేను. రేపటోడు ఎవడో నాకే తెల్వది. తెలిస్తె గద చెప్పెటానికి."

మొదటి దెబ్బ ఆ చేతి మీదే పడింది. ఎండిన కట్టె విరిగినట్టు చప్పుడైంది, నాకు వినబడింది. బిళ్ళ బురదలో పడింది. రెండోది మోచేతి మీద. మూడోది మోకాలి మీద. కింద పడ్డాక బూట్లతో పక్కటెముకల మీద తన్నారు. పేర్లు చెప్పమన్నారు. కాక పేర్లు చెప్పలేదు, నంబర్లు చెప్పాడు. ఎప్పుడో మూతపడ్డ బాయి నంబర్లు, ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళ నంబర్లు. వాళ్ళకు పిచ్చెక్కి ఇంకా కొట్టారు. మావాళ్ళు కొందరు అడ్డం పోవడానికి ఉరికారు, తలలు పగిలాయి. నేను ఉరకలేదు. చాయ్ బండి వెనక నిలబడి ఉన్నాను. నా లాగు తడిసింది. ఇది ఇప్పటిదాకా నా భార్యకు కూడా చెప్పలేదు.

ఆపింది క్యాంటీన్ అక్క. మసిలే చాయ్ గిన్నె గుడ్డతో పట్టుకొని వచ్చి, రాడ్డు ఎత్తినవాడి ముఖం మీద కుమ్మరించింది. వాడి అరుపు నేను మరిచిపోలేను. తోలు ఊడి వచ్చింది. మిగతా ఆడవాళ్ళు చీపుర్లు, గరిటెలు, ఏది దొరికితే అది పట్టుకొని మీద పడ్డారు. ఆ సందులో కాకను ఈడ్చుకొచ్చి ఆటోలో వేశారు.

ఇంక సమ్మె అయిపోయిందనుకున్నాను. నిజం చెప్తున్నాను, అయిపోతే బాగుండని కూడా అనుకున్నాను. సాయంత్రం క్యాంటీన్ అక్క చేతికి బొబ్బలతో మా దగ్గరికి వచ్చింది. బురదలో దొరికిన కాక బిళ్ళను కొంగుతో తుడిచి పక్కన పెట్టి, "డబ్బా ఏది?" అంది. ఐదు చోట్లా బిళ్ళలు తీశారు. మర్నాడు గేటు దగ్గర వేరే ఐదుగురు. ఆ మర్నాడు ఇంకో ఐదుగురు. మాట్లాడటమే రాని ఊడ్చే ముసలమ్మ కూడా ఒక రోజు మేనేజరు ముందు నిలబడి, నీ బెల్టులో నీ చెయ్యి ఒకసారి పెట్టి చూపించు అంది. ఎవరిని కొడితే ఇది ఆగుతుందో జీపులవాళ్ళకు అర్థం కాలేదు. కొన్నాళ్ళు తిరిగి, ఇంకా ఇద్దరిని కొట్టి, వెళ్ళిపోయారు. నా బిళ్ళ నాలుగు రోజుల తర్వాత వచ్చింది. పోయి నిలబడ్డాను. ఆ రోజు ఎవ్వడూ నా మీద చెయ్యి కూడా ఎత్తలేదు. అది ఇంకా సిగ్గు.

కాక దవాఖాన నుంచి కుడి చేతికి కట్టుతో వచ్చాడు. వారం దాకా నేను గోడ ఇవతలే ఉన్నాను. అవతల నుంచి గరగరమని ఆకురాయితో రాస్తున్న చప్పుడు వచ్చేది, పొద్దంతా. చెయ్యి విరిగినా ఊరుకోడా ఈ మనిషి అని చిన్నమ్మ తిట్టడం వినబడేది. చివరికి చెప్పేద్దామని పోయాను. ఆకురాయి గూట్లో ఉంది. లుంగీ మీద పచ్చటి ఇత్తడి పొడి. ఎడమ కాలి బొటనవేలు గీరుకుపోయి నెత్తురు ఎండి ఉంది. ఏం చేస్తున్నావని అడిగే ముఖం నాకు లేదు.

"కాకా, ఆ రోజు డబ్బాల..." అన్నాను.

"కూసో," అన్నాడు. "నేనొకటి చెప్త, ఇను."

ల్యాంపు రూములో ఉన్నప్పుడు ఒకసారి, షిఫ్టు దిగే వేళ కిటికీ దగ్గర గుంపుగా ఉన్నారట. ఒకడు తన బిళ్ళతో పాటు దోస్తు బిళ్ళ కూడా ఇవ్వమన్నాడు. వాడు వెనకనే వస్తున్నాడు కాకా, ఇయ్యి, అని. దీపం వాడే తెస్తాడులే అని కాక ఇచ్చేశాడు. ఆ దోస్తు వెనక రాలేదు. బాయిలో కూలిన పైకప్పు కింద పడి ఉన్నాడు. బోర్డు మీద బిళ్ళ లేదు కాబట్టి ఎవ్వరూ వెతకలేదు. తర్వాతి షిఫ్టువాళ్ళకు కాళ్ళు కనబడ్డాయి. చాలాసేపు బతికే ఉన్నాడని డాక్టరు చెప్పాడట.

"ఎవ్వనికి చెప్పలె. నీకే చెప్తున్న," అన్నాడు కాక. "అప్పటి సంది మనిషిని మార్చుడు నాతోని కాదని తెలుసుకున్న, బిడ్డ. భయపడెటోడు భయపడ్తడు, తొందరపడెటోడు తొందరపడ్తడు. నేను కిటికీ మార్చిన. ఒక్క చెయ్యే పట్టేటట్టు జాలి కొట్టించిన."

నేను నోరు తెరిచాను. ఆయన చిన్నమ్మను కేకేసి ఇద్దరికీ చాయ్ తెమ్మన్నాడు. ఎడమ చేత్తో సాసర్ పట్టుకోవడం అప్పటికి ఇంకా అలవాటు కాలేదు, సగం ఒలికింది. ఒలికిన చాయ్ తుడిచి, చెప్పదలచింది చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను.

మొత్తం ఇరవై రోజులు దాటాక కంట్రాక్టరు దిగివచ్చాడు. కాగితం మీద లీడరు సంతకం కావాలన్నారు. అందరం సంతకాలు, వేలిముద్రలు వేశాం, కాగితం చాలక వెనక కూడా వేశాం. బెల్టులకు జాలీలు వచ్చాయి, తీగలు వచ్చాయి. చనిపోయినాయన భార్య క్యాంటీన్లో చేరింది. సమ్మె అయిపోయేదాకా నేను ప్రతి సాయంత్రం అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాను, డబ్బాలో మళ్ళీ చెయ్యి పెట్టాల్సి రాకుండా. బిళ్ళలన్నీ కాకకే వదిలేశాం. తర్వాత ఇన్నేళ్ళు ఆ గోడకు అటు ఆయన, ఇటు నేను. నా కూతురికి అన్నం తినిపించింది ఆ వంకర చేత్తోనే. వద్దన్నా వినేవాడు కాదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక చిన్నమ్మ ఆ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. నీకే ఇయ్యమన్నాడని చెప్పింది. క్యాంటీన్ అక్క పక్కనే ఉంది. మూత తియ్యగానే పైన నా నంబరు కనబడింది. తీసి గాటు తడిమి చూశాను. ఏమీ మారలేదు. పక్కన కాక బిళ్ళ ఉంది. దాని అంచుకు కూడా గాటు. ఇంకొకటి తీశాను, దానికీ గాటు. గుప్పెడు తీసి నేల మీద పరిచాను. ప్రతి బిళ్ళకూ పన్ను విరిగి ఉంది. అన్నీ ఒకే కొలత. కొన్ని వంకరగా, ఎడమ చేతి గీతలతో.

"అన్నిటికీ ఉంటయి గదా," అంది క్యాంటీన్ అక్క, నేనెందుకు అట్లా చూస్తున్నానో తెలియక. "కాక దవాఖాన నుంచి వచ్చినంక ఐదు డబ్బాలు తెప్పిచ్చుకొని అన్నీ గట్లనే గీకిండు. నీకు తెల్వదా?"

నాకు తెలియదు. మళ్ళీ చెయ్యి పెట్టలేదు కదా నేను.

వాళ్ళు లోపలికి పోయాక బిళ్ళలన్నీ తిరిగి డబ్బాలో పోసి, బాగా కలిపాను. తల పైకెత్తి చెయ్యి పెట్టాను. ఒక బిళ్ళ తగిలింది, గాటు ఉంది. ఇంకొకటి, గాటు ఉంది. అట్లాగే చాలాసేపు కూర్చున్నాను. వాటిలో నాది ఏదో నా బొటనవేలికి తెలియలేదు.